పందొమ్మిది రోజుల తిన్నని గీత

ఆ ఉదయం ఆకాశం తూర్పున పలుచగా, పడమటన మందంగా ఉంది. మబ్బు కదలడం లేదు. కురిసే మబ్బు కాదు, తేలిపోయే మబ్బూ కాదు. నా పుస్తకంలో ఆకాశం గడిలో "మబ్బు, నిలకడ" అని రాశాను. పక్కనున్న నీటి గడిలో అంకె వేశాను.

రిజర్వాయరు గట్టు మీది నుంచి నలభై రెండు మెట్లు దిగితే గేజి స్తంభం వస్తుంది. రాతికి బిగించిన తెల్లని పలక, దాని మీద నల్లని గీతలు. నీళ్ళు ఏ గీతను తాకుతున్నాయో చూసి రాయడమే నా ఉద్యోగం. ఉదయం ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఐదున్నరకు ఒకసారి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. ఆఫీసులో నన్ను కొలబద్ద అంటారు. మొదట్లో చాటున అనేవారు. తర్వాత మొహం మీదే అంటున్నారు.

ఇంటికి వచ్చేసరికి వంటింటి గోడకు మరో కాగితం అంటించి ఉంది. వారం రోజులుగా ఇదే వరస. మొన్న రైలుస్టేషన్లోని పాత టైంటేబులు, ఏటవాలు గీతలతో. నిన్న ఊలుతో అల్లే పువ్వుకు గళ్ళ నమూనా. ఇవాళ్టి దాని మీద ఎర్రటి గీత ఒకటి కొండలెక్కి దిగుతోంది.

"ఏమిటమ్మాయ్ ఇది?"

"జ్వరం చార్టు మామయ్యా," అంది మా కోడలు, పొయ్యి దగ్గర నుంచి తిరక్కుండానే. "ఆసుపత్రిలో పారేస్తుంటే అడిగి తెచ్చాను. పేరున్న ముక్క చించేశాను లెండి."

"ఎవరికి జ్వరం?"

"గోడకు," అంది మా ఆవిడ. "ఒళ్ళంతా పట్టీలు వేస్తోంది కదా."

కోడలు నవ్వింది. "గీత చూడండి మామయ్యా. మూడో రోజు ఎక్కింది, ఆరో రోజు దిగింది. ఒక్క అంకె చదవకుండానే తెలిసిపోవడం లేదూ?"

తెలుస్తోంది. అదే నాకు నచ్చలేదు. చదవకుండా తెలిసిపోయేదాన్ని నేను నమ్మను. పైగా ఈ పిల్ల ఈ మధ్య ప్రతి వస్తువునూ ఎగాదిగా చూస్తోంది. ఆరేసిన దుప్పటి చారల్ని చూస్తుంది, దర్జీ కొలతల కాగితాన్ని చూస్తుంది. నన్ను కూడా అలాగే చూస్తోందేమోనని అనుమానం. మీరు గట్టు మీదికి ఎన్నింటికి వెళ్తారు, వాన పడితే ఎలా చూస్తారు, ఒక్క రోజైనా మానారా అని అడుగుతోంది. ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరూ నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

విషయం ఆ సాయంత్రం బయటపడింది. మావాడు లారీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ చెప్పాడు. మా కోడలు మా ఆఫీసులోనే కింది అంతస్తులో అంకెలు టైపు చేస్తుంది. నాలుగేళ్ళుగా చేస్తోంది. పై అంతస్తులో పటాల విభాగంలో ఒక చోటు ఖాళీ అయింది. ఆ చోటు కావాలన్నవాళ్ళు, వచ్చే వారం కాక ఆ పై శుక్రవారానికి, లెక్కల్ని బొమ్మగా మార్చి ఒక పటం వేసి చూపించాలి.

"దానికో పేరుంది నాన్నా. డేటా విజువలైజేషన్."

"నోరు తిరిగేలోపు అన్నం చల్లారిపోతుంది," అంది మా ఆవిడ.

"టైపు చేసి చేసి విసుగొచ్చింది అత్తయ్యా," అంది కోడలు. "నేను కొట్టిన అంకెల్ని మళ్ళీ ఎవరూ చూడరు. బీరువాలో పెడతారు. బొమ్మ వేస్తే చూస్తారు కదా."

ఎక్కడ నేర్చుకుంటున్నావని అడిగాను. దొరికినచోటల్లా అంది. లైబ్రరీ ఆవిడ ఒక అలమారంతా తీసిచ్చిందట. పాత అట్లాసులు, జనాభా లెక్కల పెద్ద పుస్తకాలు, గ్రాఫులు గీసే పద్ధతుల మీద ఒక అట్ట ఊడిన పుస్తకం. ఫోనులో ఒక మాస్టారు పాఠాలు చెబుతాడు. ఎప్పుడూ జలుబు చేసినట్టు ఉంటుంది ఆయన గొంతు. బొమ్మను అయిదు క్షణాలు చూపించి మూసెయ్యి, చూసినవాడికి ఏం గుర్తుందో అడుగు, అదే నీ బొమ్మ చెప్పిన మాట అంటాడు. అది కాక ఫోనులోనే ఒక గుంపు. వారానికొకసారి అందరూ అవే అంకెలు తీసుకుని ఎవరి బొమ్మ వాళ్ళు వేసి పెడతారు. తర్వాత ఒకరి తప్పులు ఒకరు చెప్పుకుంటారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు నీ రంగులు బాగాలేవు, నీ గీత అబద్ధం చెబుతోంది అంటుంటే, ఈ పిల్ల కూర్చుని వాళ్ళకు థాంక్స్ రాస్తోంది. మాయరోగంలా తోచింది నాకు.

అప్పుడు అడిగింది.

"మామయ్యా, మీ పుస్తకాలు ఇస్తారా? ముప్పై ఒక్క ఏళ్ళ నీళ్ళు. అలాంటి లెక్క ఎవరి దగ్గరా ఉండదు."

"ఎలుకలు కొట్టేశాయి."

"మనింటి ఎలుకలు అంత చదువుకున్నాయా?" అంది మా ఆవిడ. "ట్రంకుపెట్టెలో బంగారంలా ఉంటేను."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె గరిటె వైపు చూసింది.

ఆ పుస్తకాల్లో పందొమ్మిది రోజులు నేను చూడకుండా రాసినవి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. తొమ్మిదో పుస్తకం. పాచి పట్టిన మెట్టు మీద జారి పడ్డాను. చీలమండ కుండలా వాచింది. ఆఫీసుకు చెబితే ఇంకొకణ్ణి పెడతారు, పెట్టినవాణ్ణి మళ్ళీ తియ్యరు. అందుకని చెప్పలేదు. మా ఆవిడ, "నేను దిగి చూసొస్తాను, నువ్వు రాసుకో," అంది. పలకను ఎదురుగా నిలబడి చూడాలి, నువ్వు పక్క నుంచి చూస్తావు, ఒక గీత తేడా వస్తుంది అన్నాను. ఎవరి కళ్ళనూ నమ్మలేదు. చివరికి ఏ కళ్ళూ లేకుండా రాశాను. వేసవి కాబట్టి పూటకో సెంటీమీటరు తగ్గించుకుంటూ పోయాను. ఇరవయ్యో రోజు కర్ర పట్టుకుని దిగి చూస్తే, అసలు నీరు నా లెక్క కంటే ఎక్కువే ఉంది. ఆ రోజు నుంచి మళ్ళీ నిజం. అంత నీరు ఒక్క పూటలో ఎలా పెరిగిందని ఎవరూ అడగలేదు. ఏ ముప్పూ రాలేదు. రాకపోవడంలో నా గొప్పేమీ లేదు.

ఇవ్వనంటే అనుమానం. ఇస్తే భయం. ఒంటరిగా ఉన్నప్పుడు తొమ్మిదో పుస్తకం తీసి, ఆ పుటలు నేనే చదివాను. నా చేతిరాతే, నా అంకెలే, ముందు రోజుల్లాగే. నాకే తేడా కనబడలేదు. ఇరవై రెండు వేల అంకెల్లో ముప్పై ఎనిమిది. బియ్యం బస్తాలో నాలుగు రాళ్ళు, అవీ తెల్లరాళ్ళే. ఎవరు ఏరతారు? ట్రంకుపెట్టె తాళంచెవి కోడలికి ఇచ్చాను.

"మడత పెట్టకు. నీళ్ళ చేత్తో ముట్టుకోకు."

"అలాగే మామయ్యా."

నాలుగు రోజులు అంకెలు ఎక్కించింది. అయిదో రోజు మొదటి బొమ్మ వేసి లైబ్రరీకి పట్టుకెళ్ళింది. మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఏమంది లైబ్రరీ ఆవిడ?"

"రంగులన్నీ కనబడుతున్నాయి, నీళ్ళేవి అంది."

నిజమే. పెళ్ళికూతుర్ని చూపించమంటే నగల పెట్టె చూపించినట్టుంది. ఆ తర్వాత ఇంకో రెండు వేసి చింపేసింది. ఫోను మాస్టారి పాఠం మళ్ళీ వింది. అట్లాసులు మళ్ళీ తిరగేసింది. శుక్రవారం దగ్గరపడుతోంది. పిల్ల అన్నం కెలుకుతోంది.

నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. ఆదివారం సాయంత్రం, "నాతో రా," అని గట్టు మీదికి తీసుకెళ్ళాను. మెట్లు దిగి, గేజి పక్కనున్న రాతిగోడ చూపించాను. ఏ ఏడు నీరు ఎంతవరకు ఉండి తగ్గిందో ఆ గోడ మీద చారలు పడి ఉంటాయి. పై చార తెల్లగా, దాని కింద బూడిదరంగు, దాని కింద పచ్చగా పాచి.

"ఇది పెద్ద వానల ఏడు. ఇది ఎండిన ఏడు. ఈ రెంటి మధ్యా చూడు, సన్నగా. అది మీ పెళ్ళయిన ఏడు."

ఆమె దగ్గరికి జరిగింది. గోడ మీద చెయ్యి పెట్టి కిందికి జరిపింది.

"మామయ్యా, ఏడాదికొక చార. ఒకదాని కింద ఒకటి. ముప్పై ఒక్క చారలు. ఒకటే రంగు. ఇన్ని పుస్తకాలు తిరగేశాను, ఇక్కడికి రాలేదు."

పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది. నాకు సంతోషమే వేసింది. దాని వెనకే ఇంకోటి వేసింది, దానికి పేరు పెట్టలేదు.

మంగళవారానికి పిల్ల మాట మారింది. మామయ్యా అనడం తగ్గింది. నేను గదిలోకి వెళ్తే కాగితం మీద కాగితం కప్పుతోంది. మా ఆవిడను పెరట్లోకి పిలిచాను.

"నువ్వు చెప్పావా?"

"ఏం చెప్పాను?"

"కాలు సంగతి."

మా ఆవిడ తడిబట్ట దులిపింది. నీళ్ళు నా మీద పడ్డాయి. పడాలనే దులిపింది.

"ఇరవై రెండేళ్ళు మోశాను. ఇప్పుడు దించుకుంటానా? నా చూపు వంకర అన్న మనిషివి, నా నోరు కూడా వంకరేనా?"

మొహం తుడుచుకుని బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం గేజి చూసి వచ్చేసరికి కోడలు వరండాలో కూర్చుని ఉంది. ఒళ్ళో తొమ్మిదో పుస్తకం. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఒకటి అడగనా మామయ్యా? కోప్పడరు కదా?"

"అడుగు."

"ఈ పందొమ్మిది రోజులు గేట్లేమైనా మరమ్మతులో ఉన్నాయా?"

లెక్క కూడా పెట్టింది. పందొమ్మిది అంది. ఇరవై అనలేదు.

"గాలి లేదు," అన్నాను. "గాలి లేకపోతే నీళ్ళు అలాగే ఉంటాయి."

ఆమె కాగితం తీసి చూపించింది. ముప్పై ఒక్క చారలు. ప్రతి చార పైఅంచూ సన్నగా వణుకుతోంది, గాలికి అంచు కదిలే పరదాలా. తొమ్మిదో చారలో ఒకచోట ఆ వణుకు లేదు. స్కేలు పెట్టి గీసినట్టు జారుడుగా దిగి, చివర గోడలా నిలువుగా లేచింది. వేలు పెట్టి చూపించక్కర్లేదు. కన్ను దానంతట అదే అక్కడికి పోతోంది. పుటల మీద నాకే కనబడనిది, జానెడు కాగితం మీద అరుస్తోంది.

"ఏడో రోజు, ఎనిమిదో రోజు ఆకాశం గడిలో మీరే రాశారు," అంది మెల్లగా. "'వాన. జోరు వాన' అని. నీళ్ళు మాత్రం రెండేసి సెంటీమీటర్లు తగ్గాయి."

మంచం మీద నుంచి కిటికీలో ఆకాశం కనబడేది. కనబడింది కనబడినట్టు రాశాను. ఆకాశం దగ్గర నిజం, నీళ్ళ దగ్గర అబద్ధం. రెండూ పక్కపక్క గళ్ళలో, ఒకే సిరాతో. ఇరవై రెండేళ్ళలో ఆ రెంటినీ కలిపి చదవాలని నాకే తోచలేదు.

కూర్చున్నాను. చెప్పాను. జారడం, వాపు, మా ఆవిడ వస్తానంటే వద్దనడం. తలుపు చాటున మా ఆవిడ గాజులు చప్పుడు కాకుండా పట్టుకుని నిలబడింది. అది కూడా నాకు తెలుస్తోంది.

"ఇంకా ఏడాదిన్నర సర్వీసు ఉంది నాకు," అన్నాను. "ఇది ఇంజనీరు కంట పడితే..."

"తెలుసు మామయ్యా."

"అక్కడ కొంచెం వంకర తిప్పితే పోలేదా? వాన రోజుల్లో కాస్త ఎక్కించు. ఎంత ఎక్కించాలో నేను చెబుతాను."

ఆమె తల వంచుకుంది. "నిన్న అదే చేశాను. మిమ్మల్ని అడక్కుండానే. అచ్చం నిజంలా కుదిరింది. ఎవరికీ తెలియదు." పుస్తకం మూసింది. "అందుకే చెరిపేశాను. అంత బాగా కుదిరేసరికి భయం వేసింది."

నేను చెప్పులు విడిచి పక్కన పెట్టాను.

"వేరే లెక్కలు చూసుకుంటాను లెండి. లైబ్రరీలో బస్సుల లెక్కలున్నాయి, ఆసుపత్రివి ఉన్నాయి. ఇంకా మూడు రోజులుంది."

మూడు రోజుల్లో అయ్యే పని కాదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. పుస్తకాలన్నీ తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో వరసగా పేర్చింది. తాళం వేసి, చెవి తెచ్చి నా పక్కన పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. విసిరేసినా బాగుండేది.

బుధవారమంతా ఆ తాళంచెవి నా జేబులో ఉంది. కోడలు బస్సుల లెక్కలు తెచ్చుకుని కూర్చుంది. గీస్తోంది, చూస్తోంది, పక్కన పెడుతోంది. తెలిసిన నీళ్ళను గీసిన చెయ్యి, ఊరూపేరూ తెలియని బస్సుల దగ్గర తడబడుతోంది. మా ఆవిడ మజ్జిగ గ్లాసు రోజూ కంటే కొంచెం గట్టిగా పెట్టింది.

గురువారం ఉదయం గేజి చూసి వచ్చాను. ట్రంకుపెట్టె తెరిచాను. తొమ్మిదో పుస్తకంలో ఆ పుట తీసి, పక్క అంచున ఎర్రసిరాతో రాశాను. "ఈ పందొమ్మిది రోజుల నీటి అంకెలు గేజి చూసి రాసినవి కావు. ఆకాశం గడిలోది మాత్రం చూసి రాసినదే." కింద సంతకం పెట్టాను. తేదీ ఇవాళ్టిది వేశాను. పుస్తకం తీసుకెళ్ళి కోడలి బస్సుల కాగితాల మీద పెట్టాను.

చదివింది. నా వైపు చూసింది.

"అక్కడ ఖాళీ వదిలెయ్," అన్నాను. "ఎవరైనా అడిగితే నన్ను అడగమను."

"మామయ్యా, వద్దు. నాకు ఇంకో ఏడు చోటు రాకపోదు."

"రాకపోదు. ఆ పుట మాత్రం అక్కడే ఉంటుంది."

శుక్రవారం పదకొండు గంటలకు ఆఫీసు పై అంతస్తు నుంచి కబురు వచ్చింది. వెళ్ళాను. పొడుగు బల్ల, చుట్టూ నలుగురైదుగురు. గోడకు మా కోడలి బొమ్మ. పూర్తయ్యాక చూడడం అదే మొదలు. ముప్పై ఒక్క ఏళ్ళ నీరు ఒకదాని కింద ఒకటి పరుచుకుని ఉంది. కరువు ఏళ్ళు సన్నగా, వాన ఏళ్ళు లావుగా. ఈ నీళ్ళన్నీ నేను చూసినవే, ఇలా ఎప్పుడూ చూడలేదు. తొమ్మిదో చారలో వేలెడు తెల్లని ఖాళీ. కింద చిన్న అక్షరాలతో, "చూసిన లెక్క లేదు."

ఇంజనీరు నా కంటే ఇరవై ఏళ్ళు చిన్న. పెన్ను ఆ ఖాళీ మీద పెట్టాడు.

"ఇదేమిటమ్మా?"

కోడలు నోరు తెరిచింది. నేను ముందు మాట్లాడాను. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇరవై రెండేళ్ళు దాచింది నాలుగు మాటల్లో అయిపోయింది.

గదిలో ఎవరో కుర్చీ జరిపారు. ఇంజనీరు నన్ను కింద నుంచి పైకి చూశాడు, గేజి చూసినట్టు.

"పందొమ్మిది అంటున్నావు పెద్దాయనా. ఇంకెన్నున్నాయి?"

"ఇంకేం లేవు. మిగతావి చూసినవే."

"నేనెలా నమ్మేది?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. పందొమ్మిది రోజులకు శిక్ష పడుతుందనుకున్నాను. మిగతా పదకొండు వేల రోజులు కూడా బోనెక్కుతాయని తట్టలేదు.

"చూసి రాసిన నీరు వణుకుతుంది సార్," అంది కోడలు. "చూడకుండా రాసింది తిన్నగా ఉంటుంది. అలాంటి తిన్నని ముక్క ఇంకెక్కడైనా ఉందేమోనని మొత్తం వెతికాను. రెండుసార్లు వెతికాను. వాన లెక్కతో కూడా సరిపోల్చాను. లేదు."

వెతికిందట. రెండుసార్లు. మంగళవారం కాగితం మీద కాగితం కప్పింది అందుకేనన్నమాట. నేను ఆ పిల్లను అనుమానించినన్ని రోజులూ ఆ పిల్ల నన్ను అనుమానించింది. ఒళ్ళు మండింది. నా తరఫున ఆ గదిలో నిలబడిన సాక్ష్యం కూడా అదొక్కటే.

ఇంజనీరు బొమ్మ దగ్గరికి వెళ్ళి, పై చార నుంచి కింది చార దాకా చూశాడు. తొందరపడలేదు. తిరిగి వచ్చి కూర్చుని కోడలితో అన్నాడు.

"సోమవారం నుంచి పైకి రామ్మా." అదే గొంతుతో, మెడ మాత్రం ఇటు తిప్పి, "పెద్దాయనా, గేజి గది తాళాలు ఇచ్చెయ్. ఉత్తర్వు వచ్చేదాకా ఇంకొకరు చూస్తారు," అన్నాడు.

తాళాలు బల్ల మీద పెట్టాను. ఉత్తర్వులో ఏముంటుందో అడగలేదు.

సాయంత్రం ఆఫీసు వదిలాక కోడలితో పాటు నడిచి ఇంటికి వచ్చాను. దారిలో ఆమె రెండుసార్లు ఏదో అనబోయింది. అనలేదు. ఇంటికి వచ్చాక మా ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసింది. మావాడు అప్పుడే లారీ దిగి వచ్చాడు. పెళ్ళాన్ని చూసి నవ్వబోయి, నన్ను చూసి ఆగిపోయాడు.

ఐదు దాటింది. ఆ వేళకు నేను ఎప్పుడూ చెప్పులు వేసుకుంటూ ఉంటాను. మా ఆవిడ నాలుగు కంచాలు వేసింది. అంత పెందలాడే ఆ ఇంట్లో ఎవరూ తినరు. కూర్చున్నాం. నాకు ముందు వడ్డించింది, తర్వాత కోడలికి, తర్వాత కొడుక్కి. చివరికి తను కూడా మాతోపాటే కూర్చుంది.

కోడలు తలెత్తకుండా తింటోంది. ఆమె కంచంలో కూర అయిపోవడం చూసి గిన్నె అటు జరిపాను. ఒక గరిటె వేసుకుని, నా కంచంలో ఒక గరిటె వేసింది. తిన్నాను.